కంటైనర్ ఎక్కడ కావాలి, ఫోల్డర్ ఎక్కడ చాలు: పీఎల్ఎం పెట్టుకుంటున్న బెజవాడ, గుంటూరు యూనిట్లకు ఎంపిక సలహా

పీఎల్ఎం (ప్రోడక్ట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్) అంటే డ్రాయింగ్‌లు, పార్టులు, వాటి రివిజన్లు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్. అది కొత్తగా పెట్టుకున్న యూనిట్‌లో మొదటి నెలంతా హడావిడే. లైసెన్సులు, సర్వర్, ట్రైనింగ్, పాత డ్రాయింగ్‌లు ఎక్కించడం. ఈ సందడిలో ఎవరూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోని నిర్ణయం ఒకటుంటుంది: ఇంజినీరింగ్ డేటాను ఎన్ని కంటైనర్లుగా (సొంత టీమ్, సొంత రూల్స్ ఉండే గదుల్లాంటివి), దేని ప్రకారం విడగొట్టాలి? కన్సల్టెంట్ "మీ ఇష్టం సార్, ఎలా చెప్తే అలా చేద్దాం" అంటాడు. ఓనరుగారు "మన జాబ్ నంబర్ల ప్రకారమే పెట్టేయండయ్యా" అంటారు. అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. రెండేళ్లు పోయాక మార్చాలంటే మాత్రం వేల ఫైళ్లు కదిలించాలి, ఎవరికి ఏ పర్మిషన్ ఉందో మొదటినుంచీ చూసుకోవాలి. ఆ టెన్షన్ పడకుండా ముందే ఆలోచించుకోవాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టేవాళ్లు, కొండపల్లి వైపు ఫ్యాబ్రికేషన్ యూనిట్లు, గుంటూరులో మిర్చి మెషినరీ చేసేవాళ్లు నా కళ్ల ముందున్నారు. మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో ప్రారంభమైంది. అలాంటి పెద్ద కంపెనీలకు సరుకివ్వాలంటే "ఈ పీసు ఏ రివిజన్ డ్రాయింగ్ ప్రకారం చేశారు, ఎవరు రిలీజ్ చేశారు" అన్న ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలగాలి. ఆ జవాబు సులువుగా దొరకడం, దొరక్కపోవడం చాలావరకు కంటైనర్ల అమరిక మీదే ఆధారపడుతుంది.

కంటైనర్ అన్న మాట పీటీసీ కంపెనీ వాళ్ల పీఎల్ఎం సాఫ్ట్‌వేర్ విండ్‌చిల్‌లో బాగా వాడుకలో ఉంది కాబట్టి దాని లెక్కలోనే చెప్తాను. అందులో అన్నిటికన్నా పైన సైట్, దాని కింద ఆర్గనైజేషన్ అంటే మీ కంపెనీ, దాని కింద ప్రోడక్ట్, లైబ్రరీ, ప్రాజెక్ట్ అని వేర్వేరు రకాల కంటైనర్లు. సొంత డిజైన్ ప్రోడక్ట్‌లో ఉంటుంది. అందరూ వాడుకునే స్టాండర్డ్ సరుకు లైబ్రరీలో ఉంటుంది. కొన్నాళ్లు నడిచి ముగిసే పని, ముఖ్యంగా బయటివాళ్లతో కలిసి చేసేది, ప్రాజెక్ట్‌లో ఉంటుంది. ప్రతి కంటైనర్‌కూ సొంత టీమ్ ఉంటుంది. ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్న రూల్స్ ఉంటాయి. కావాలంటే లైఫ్‌సైకిల్ (డ్రాయింగ్ తయారీ నుంచి రిలీజ్ దాకా దాటే దశలు), వర్క్‌ఫ్లో (ఎవరి తర్వాత ఎవరు ఆమోదించాలన్న వరుస), నంబరింగ్ పద్ధతి కూడా ఒక్క ఆ కంటైనర్ వరకు వేరుగా పెట్టుకోవచ్చు. ఫోల్డర్ మాత్రం కంటైనర్ లోపల సర్దుకోవడానికి.

నా సలహా ముందే చెప్పేస్తాను. మనుషులో రూల్సో మారే చోట కంటైనర్ పెట్టండి. వెతుక్కునే సౌకర్యం కోసమే అయితే ఫోల్డర్ చాలు. కస్టమర్ పేరు, జాబ్ నంబర్, చాసిస్ మోడల్ లాంటి వివరాలైతే ఫోల్డర్ కూడా అక్కర్లేదు, వాటిని యాట్రిబ్యూట్‌గా, అంటే ఫైలుకు తగిలించే వివరాల గడిలో, నింపితే సెర్చ్‌లో దొరుకుతాయి. దీన్ని పట్టుకుని చూస్తే కింద చెప్పే పద్ధతుల్లో మీకు ఏది నప్పుతుందో తేలుతుంది.

జాబ్‌కో కంటైనర్: అందరికీ ముందు తోచేది

మన దగ్గర పని అంతా ఆర్డర్ల మీద నడుస్తుంది. ఒక స్కూలు వాళ్లు ఆరు బస్సులు చెప్తారు, అది ఒక జాబ్. ఇంకో ట్రావెల్స్ వాళ్లు రెండు కోచ్‌లు చెప్తారు, అది ఇంకో జాబ్. కొటేషన్, పర్చేజ్, బిల్లు అన్నీ జాబ్ నంబర్ మీదే ఉంటాయి కాబట్టి డ్రాయింగ్‌లు కూడా అలాగే ఉంటే బాగుంటుందనిపిస్తుంది. ఇన్నాళ్లూ కంప్యూటర్‌లో ఫోల్డర్లు అలాగే ఉన్నాయి కూడా.

ఇబ్బంది ఎక్కడొస్తుందో ఒక్క పార్టు తీసుకుని చూద్దాం: ఎమర్జెన్సీ డోర్ హింజ్ బ్రాకెట్. ఎమర్జెన్సీ ఎగ్జిట్లు ఎన్ని ఉండాలి, ఎంత సైజుండాలి అన్నది బస్సు బాడీ కోడ్ ఏఐఎస్-052 చెప్తుంది కాబట్టి ఆ డోరు, దాని బ్రాకెట్ జాబ్ జాబ్‌కీ పెద్దగా మారవు. పాత పద్ధతిలో కొత్త జాబ్ రాగానే పాత జాబ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పేరు మార్చేవాళ్లం. బ్రాకెట్ ఫైలు కూడా కాపీ అయ్యేది. ఇప్పుడు అదే పని పీఎల్ఎంలో చేయబోతే, రెండో జాబ్ కంటైనర్‌లోకి ఆ ఫైలు ఎక్కించగానే ఈ పేరుతో ఫైలు ముందే ఉందని సిస్టమ్ ఆపేస్తుంది. విండ్‌చిల్‌లో మామూలు సెట్టింగ్ ప్రకారం క్యాడ్ ఫైలు (కంప్యూటర్‌లో చేసిన డిజైన్ ఫైలు) పేరు ఒక్క కంటైనర్‌లోనే కాదు, మొత్తం ప్రోడక్ట్‌లు, లైబ్రరీలు అన్నిటిలోనూ ఒక్కటే ఉండాలి. పార్ట్ నంబరూ అంతే, కంపెనీ మొత్తానికి ఒక్కటే. అప్పుడు డిజైనర్ ఏం చేస్తాడు? సాయంత్రంలోగా డ్రాయింగ్ కటింగ్‌కి పంపాలి. పేరు చివర ఒకటి అని చేర్చి సేవ్ చేస్తాడు. తర్వాతి జాబ్‌లో రెండు, ఆ తర్వాత 'న్యూ', 'ఫైనల్'. ఒకే బ్రాకెట్‌కు నాలుగు పేర్లు, నాలుగు నంబర్లు, వాటికి నాలుగు రివిజన్ చరిత్రలు.

ఆ తర్వాత ఒకరోజు బ్రాకెట్ మందం 3 మి.మీ. చాలడం లేదు, 4 చేయాలి అని నిర్ణయం వస్తుంది. ఈ పార్టు ఎక్కడెక్కడ వాడామో చూపించే 'వేర్ యూజ్‌డ్' నొక్కితే ఒకే జాబ్ కనిపిస్తుంది, ఎందుకంటే మిగతా మూడూ సిస్టమ్ దృష్టిలో వేరే పార్టులు. మార్పు ఒక చోట జరుగుతుంది, మూడు చోట్ల పాతదే మిగులుతుంది. పీఎల్ఎం కొన్నదే ఈ పరిస్థితి రాకుండా ఉండటానికి. ఎమర్జెన్సీ డోరు లాంటి చోట ఇది డబ్బు నష్టంతో పోయేది కాదు, లోపల కూర్చునే పిల్లల భద్రతకు సంబంధించింది. అందుకే ఈ పద్ధతి వద్దని ఇంత గట్టిగా చెప్తున్నాను.

మరి జాబ్ వివరాలు ఎక్కడ ఉండాలి? జాబ్‌కు ఒక టాప్ అసెంబ్లీ, దాని బీఓఎం (ఏ పార్టులు ఎన్ని కావాలో చెప్పే జాబితా) ఉంటే చాలు. కింద పార్టులన్నీ వాటి వాటి చోటే ఉంటాయి, బీఓఎం వాటిని పిలుచుకుంటుంది. బీఓఎం కంటైనర్ల హద్దు దాటి పార్టుల్ని వాడుకోగలదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే జాబ్‌కో కంటైనర్ పెట్టాలన్న ఆలోచన సగం మందికి రాదు.

కస్టమర్‌కో కంటైనర్

సొంత డిజైన్ చేసేవాళ్లకు ఇందులోనూ పైన చెప్పిన ఇబ్బందే ఉంది. కానీ జాబ్ వర్క్ చేసే యూనిట్ల సంగతి పూర్తిగా వేరు. మీ దగ్గరున్న డ్రాయింగ్ మీది కాదు, కస్టమర్‌ది. ఒకరి డ్రాయింగ్ ఇంకొకరి పని చేసే వాళ్లకు కనబడకూడదని అగ్రిమెంట్ ఉంటుంది. రివిజన్ మార్చే అధికారం కూడా మీకు లేదు, వాళ్లు పంపిన రివిజనే వాడాలి. కొందరు కస్టమర్లు అక్షరాల్లో రివిజన్లు ఇస్తారు, కొందరు అంకెల్లో. ఇక్కడ మనుషులూ మారుతున్నారు, రూల్సూ మారుతున్నాయి. కాబట్టి కస్టమర్‌కో ప్రోడక్ట్ కంటైనర్ పెట్టడమే సరైన పని. మీ సొంత జిగ్గులు, ఫిక్చర్లు (పని చేసేటప్పుడు పీసును పట్టి ఉంచే సాధనాలు) మాత్రం మీవి. వాటికి విడిగా ఒక కంటైనర్ ఉంచుకోండి, కస్టమర్ కంటైనర్లో కలపకండి.

రెండు రకాల పనులూ చేసే యూనిట్లు ఆటోనగర్‌లో ఉంటాయి. వాళ్లు కలిపి వాడటానికి సందేహించక్కర్లేదు. సొంత బాడీ డిజైన్లకు ఒక పద్ధతి, జాబ్ వర్క్‌కు ఇంకో పద్ధతి.

డిపార్ట్‌మెంట్‌కో కంటైనర్

డిజైన్, క్వాలిటీ, ప్రొడక్షన్ అని విడగొట్టడం. వద్దు. డ్రాయింగ్ ఒక చోట, దాని ఇన్‌స్పెక్షన్ షీటు ఇంకో చోట అయిపోతాయి. ఎవరికి ఏ అధికారం ఉండాలన్నది టీమ్‌లోని రోల్స్‌తో వస్తుంది, దానికోసం డేటానే విడదీయనక్కర్లేదు.

ప్రోడక్ట్ కుటుంబానికో కంటైనర్

సొంత డిజైన్ ఉన్న వాళ్లకు నేను చెప్పేది ఇదే. బస్సు బాడీల వాళ్లయితే స్కూల్ బస్సులు ఒకటి, రూట్ బస్సులు ఒకటి, స్లీపర్ కోచ్‌లు ఒకటి. లారీ బాడీలు కూడా చేస్తుంటే అది ఇంకొకటి. ప్రతిదానికీ ఒక డిజైన్ పెద్ద ఉంటాడు, రిలీజ్ సంతకం అతనిదే. అలాంటి మనిషి నిజంగా వేరుగా లేకపోతే కుటుంబాన్ని విడగొట్టకండి. స్కూల్ బస్సులకూ రూట్ బస్సులకూ ఒకే ఇంజినీర్ సంతకం పెడుతుంటే రెండూ ఒకే కంటైనర్‌లో రెండు ఫోల్డర్లుగా ఉంటే చాలు.

గుంటూరు వైపు మిర్చి మెషినరీ తీసుకుంటే చిక్కు కాస్త ఎక్కువ. తొడిమలు తీసే మెషీన్లు ఒక కుటుంబం, కారం పట్టే పల్వరైజర్ లైన్లు ఒక కుటుంబం. రెండిట్లోనూ బకెట్ ఎలివేటర్ ఉంటుంది, స్క్రూ కన్వేయర్ ఉంటుంది. ఈ ఎలివేటర్‌ను ఎక్కడ పెట్టాలి? "రెండిటికీ కామన్ కదండీ, లైబ్రరీలో వేసేద్దాం" అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎలివేటర్ మీ సొంత డిజైన్. ఎత్తు మారుతుంది, బకెట్ సైజు మారుతుంది, ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు దాన్ని మెరుగుపరుస్తారు. దాన్ని దిద్దే డిజైనర్లకు లైబ్రరీలో మార్చే అధికారం ఇచ్చారంటే బేరింగులు, బోల్టుల మీద కూడా ఆ అధికారం వెళ్లిపోతుంది. ఫోల్డర్‌కు ఫోల్డర్ రూల్స్ పెట్టి ఆపొచ్చు, కానీ అలా పెట్టిన అతుకులు ఆర్నెల్లకు ఎవరికీ గుర్తుండవు. మెటీరియల్ హ్యాండ్లింగ్ అని మూడో ప్రోడక్ట్ కంటైనర్ పెట్టి ఎలివేటర్లు, కన్వేయర్లు అందులో ఉంచండి. మిగతా రెండు కుటుంబాల బీఓఎంలు దాన్ని అక్కడినుంచే వాడుకుంటాయి.

లైబ్రరీలో ఏం పెట్టాలి

మీరు డిజైన్ చేయనివి, కొనేవి, స్టాండర్డ్ ప్రకారం వచ్చేవి. ఐఎస్ 1364 హెక్స్ బోల్టులు, యూసీపీ 208 లాంటి పిల్లో బ్లాక్ బేరింగులు, మోటార్లు, గేర్‌బాక్సులు, వీ బెల్టులు, రబ్బరు బీడింగులు, గ్లాసులు. ఐఎస్ 2062 స్టీలు షీట్లు, యాంగిళ్లు, చానెళ్లు లాంటి రా మెటీరియల్‌కు విడిగా ఫోల్డర్. డ్రాయింగ్ షీట్ ఫార్మాట్లు, టెంప్లేట్లు కూడా అందులోనే.

లైబ్రరీ పద్ధతి ఒక్కటే: అందరూ చూస్తారు, ఒక్కరో ఇద్దరో మారుస్తారు. కొత్త బోల్టు కావాలంటే డిజైనర్ అడగాలి, లైబ్రరీ చూసే మనిషి ముందే ఉందేమో వెతికి, లేకపోతేనే చేర్చాలి. మొదట్లో డిజైనర్లకు ఇది అడ్డంకిలా అనిపిస్తుంది. "ఒక్క ఎం10 బోల్టు కోసం మధ్యాహ్నం దాకా ఆగాలా అన్నా" అని అడుగుతారు. ఆ ఫిర్యాదుకు జవాబు రూల్ సడలించడం కాదు, త్వరగా చేర్చే మనిషిని పెట్టడం. పర్చేజ్ అనుభవం ఉన్న డ్రాఫ్ట్స్‌మన్ ఈ పనికి బాగా సరిపోతాడు, ఎందుకంటే ఆటోనగర్ షాపుల్లో ఏ సైజు చేతికి దొరుకుతుందో, ఏది తెప్పించుకోవాలో అతనికి తెలుసు. లైబ్రరీలో దొరకని సైజు పెట్టి ఉపయోగం లేదు.

ఎన్ని లైబ్రరీలు? చాలా యూనిట్లకు ఒకటి చాలు. ఎలక్ట్రికల్ సరుకు వేరే మనిషి చూసుకుంటుంటే రెండు.

అన్నీ ఒకే కంటైనర్‌లో పెడితే?

ముగ్గురు నలుగురు డిజైనర్లున్న యూనిట్‌కు ఒక ప్రోడక్ట్, ఒక లైబ్రరీ, అంతే. ఇది తక్కువ స్థాయి అమరిక అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అందరూ అన్నీ చూస్తున్నారు, సంతకం ఒక్కరే పెడుతున్నారు, రూల్స్ ఒకటే. ఇక విడగొట్టడానికి కారణం లేదు. పెరిగిన రోజున కొత్త కుటుంబాన్ని కొత్త కంటైనర్‌లో మొదలుపెట్టండి, పాతదాన్ని కదిలించక్కర్లేదు. కదిలించాల్సి వస్తే విండ్‌చిల్‌లో మూవ్ ఉంది, కానీ ఫైలు కొత్త చోటికి వెళ్లినంత మాత్రాన దాని పాత లైఫ్‌సైకిల్ తనంతట మారదు, దాన్ని విడిగా మార్చుకోవాలి. ఇది తెలియక మూవ్ చేసి, రిలీజ్ ఎందుకు అవ్వడం లేదా అని తల పట్టుకుంటారు.

బయటివాళ్లకు ప్రాజెక్ట్

లేజర్ కటింగ్, పౌడర్ కోటింగ్, సీట్లు బయట చేయించే యూనిట్లే ఎక్కువ. వాళ్లకు ప్రోడక్ట్ కంటైనర్‌లో లాగిన్ ఇవ్వకండి. ప్రాజెక్ట్ కంటైనర్ తెరిచి, ఆ పనికి కావాల్సిన డ్రాయింగ్‌లు మాత్రం అందులోకి షేర్ చేయండి. షేర్ చేసినది చూడటానికే, అసలు మీ దగ్గరే ఉంటుంది. వాళ్లు మార్చి ఇవ్వాల్సింది ఉంటే ప్రాజెక్ట్‌లోకి చెక్ అవుట్ చేసి (మార్చడానికి బయటికి ఇచ్చి), పని అయ్యాక వెనక్కి తెప్పించుకునే పద్ధతి ఉంది. పని ముగిశాక ప్రాజెక్ట్ మూసేయాలి. మూయకుండా వదిలేసిన ప్రాజెక్టుల్లో ఏడాది కిందటి వెండర్ ఇంకా మెంబరుగానే ఉంటాడు.

కొత్త మోడల్ ప్రొటోటైప్‌ను ప్రాజెక్ట్‌లోనే మొదలుపెట్టొచ్చా అంటే, బయటివాళ్లెవరూ లేకపోతే అక్కర్లేదు. ప్రోడక్ట్ కంటైనర్‌లోనే 'ఇన్ వర్క్' (ఇంకా రిలీజ్ కాని) స్థితిలో ఉంచుకోవచ్చు.

టీమ్‌లు, పర్మిషన్లు

కంటైనర్లు పెరిగేకొద్దీ అసలు భారం ఇక్కడే పడుతుంది. ప్రతి కంటైనర్‌లో విడివిడిగా పేర్లు చేర్చుకుంటూ పోతే, ఒక కుర్రాడు ఉద్యోగం మానేసిన రోజు పన్నెండు చోట్ల తీయాలి. ఆర్గనైజేషన్ స్థాయిలో షేర్డ్ టీమ్ చేసి, దాన్నే కంటైనర్లకు తగిలించండి. మార్పు ఒక్క చోట చేస్తే అన్నిటికీ వర్తిస్తుంది. రూల్స్ కూడా వీలైనన్ని ఆర్గనైజేషన్ దగ్గరే రాయండి, కింది కంటైనర్లకు అవి దిగుతాయి. ఒక్క జాగ్రత్త: పైన 'అబ్సల్యూట్ డినై' అని ఆపిన దాన్ని కింద ఎన్ని గ్రాంట్‌లు (అనుమతులు) ఇచ్చినా తెరవలేరు. నిజంగా ఎప్పటికీ వద్దనుకున్న దానికే అది వాడండి.

అతిగా మూసేస్తే ఇంకో ఇబ్బంది. చూడటానికి పర్మిషన్ లేని పార్టు అసెంబ్లీలో ఉంటే దాని పేరుకు బదులు 'సెక్యూర్డ్ ఇన్ఫర్మేషన్' అని కనిపిస్తుంది. షాప్ ఫ్లోర్‌లో ఫోర్‌మన్ బీఓఎం తెరిచి ఆ మాట చూస్తే, నేరుగా డిజైన్ రూముకు వచ్చి "ఇక్కడేదో దాచారు, ఏ ప్లేటు కట్ చేయమంటారు బాబూ" అని అడుగుతాడు. సొంత కంపెనీ లోపల చదివే హక్కు ధారాళంగా ఇవ్వండి, మార్చే హక్కు పొదుపుగా ఇవ్వండి. కస్టమర్ డ్రాయింగ్‌లకు మాత్రమే ఇందుకు మినహాయింపు.

టెంప్లేట్ గురించి కూడా ఒక మాట. మొదటి కంటైనర్ బాగా కుదిరాక దాన్ని టెంప్లేట్‌గా ఉంచుకుంటే మిగతావి నిమిషాల్లో వస్తాయి. అయితే టెంప్లేట్‌ను తర్వాత దిద్దినా ముందే తయారైన కంటైనర్లు మారవు. అందుకే మొదటిదాన్ని ఒక నిజమైన జాబ్ మీద మొదటినుంచి చివరిదాకా నడిపి చూశాకే రెండోది తెరవండి.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు

టీమ్‌సెంటర్‌లో ఫోల్డర్ అన్నది దారి చూపించే గుర్తు మాత్రమే, ఒకే ఐటమ్ ఎన్ని ఫోల్డర్లలోనైనా కనబడుతుంది. అక్కడ హద్దులు గీసేది ఓనింగ్ గ్రూపు, ప్రాజెక్ట్. ఒక ఐటమ్‌ను రెండు ప్రాజెక్టులకు కేటాయించవచ్చు కాబట్టి ఎలివేటర్ లాంటి చిక్కు కాస్త తేలిక. త్రీడీఎక్స్‌పీరియన్స్‌లో కొలాబరేటివ్ స్పేస్ విండ్‌చిల్ కంటైనర్‌కు దగ్గరగా ఉంటుంది, పైన చెప్పినవి దాదాపు అలాగే పనికొస్తాయి. సాలిడ్‌వర్క్స్ పీడీఎం, ఆటోడెస్క్ వాల్ట్ వాడే చిన్న యూనిట్లలో ఉండేవి ఫోల్డర్లే, పర్మిషన్లు ఫోల్డర్ల మీదే. అక్కడ పై అంచె ఫోల్డర్లను కంటైనర్లుగా అనుకుని ఇవే ప్రశ్నలు వేసుకోండి.

నిర్ణయించే ముందు చేయాల్సిన పని

ఒక మధ్యాహ్నం డిజైన్, క్వాలిటీ, ప్రొడక్షన్ వాళ్లను కూర్చోబెట్టండి. పాత జాబ్‌లు మూడు తీయండి, ఒకదానికొకటి పోలికలేనివి. వాటిలోంచి ఓ ముప్పై పార్టులు తెల్ల కాగితం మీద రాసి ఒక్కోదానికీ అడగండి: దీన్ని మార్చే అధికారం ఎవరిది? దీన్ని చూడకూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇది ఇంకెక్కడ వాడాం? జవాబులు ఒకేలా వచ్చినవన్నీ ఒక కుప్ప. ఎన్ని కుప్పలు వచ్చాయో అన్నే కంటైనర్లు. జాబ్ వర్క్ కస్టమర్ల కంటైనర్లు పక్కన పెడితే, నలభై మంది పనిచేసే యూనిట్‌లో ఆరేడు మించి వస్తున్నాయంటే ఎక్కడో జాబ్ నంబరో కస్టమర్ పేరో మళ్లీ దూరిందన్నమాట.

కంటైనర్ల పేర్లలో మనుషుల పేర్లు, సంవత్సరాలు, కస్టమర్ల పేర్లు పెట్టకండి, జాబ్ వర్క్ వాళ్లకు తప్ప. కుటుంబం పేరు చాలు.

పాత డేటా ఎక్కించేటప్పుడు లైబ్రరీ ముందు. బోల్టులు, బేరింగులు ముందే లోపల ఉంటే, అసెంబ్లీలు ఎక్కేటప్పుడు వాటినే పట్టుకుంటాయి; లేకపోతే ప్రతి అసెంబ్లీ వెంటా దాని బోల్టులు కూడా ప్రోడక్ట్ కంటైనర్లోకి వచ్చేస్తాయి. తర్వాత ఇప్పుడు నడుస్తున్న మోడళ్లు. అయిపోయిన పాత జాబ్‌లను పీఎల్ఎంలోకి ఎక్కించకుండా పాత సర్వర్ మీదే, ఎవరూ మార్చడానికి వీల్లేకుండా ఉంచండి. ఏదైనా జాబ్‌కు రిపీట్ ఆర్డర్ వచ్చిన రోజున దానికి కావాల్సినవి మాత్రం తీసి, పేర్లు, నంబర్లు సరిచేసి లోపలికి తీసుకోండి.